కుప్పానికి బెంగళూరు దగ్గరే.. మరి పార్సిల్‌కి?

ఉద్యోగం వెతుక్కుంటూనే ఇన్‌స్టాగ్రామ్‌లో మదనపల్లె పట్టుచీరలు అమ్ముతున్నారా? పుంగనూరు నుంచి ఏదో ఆఫీసుకు సర్టిఫికెట్ల కాపీలు పంపాలా? రెండు పనుల్లోనూ మీ జేబు మీద పడేది ఒకటే.. జోన్. కౌంటర్లో ఎంత చెబితే అంత కట్టేసి వచ్చేముందు ఆ లెక్కేంటో ఒకసారి చూడండి.

ముందు స్పీడ్ పోస్టు సంగతి. 2025 అక్టోబరు 1 నుంచి కొత్త రేట్లు వచ్చాయి. 51 నుంచి 250 గ్రాముల డాక్యుమెంట్ కవరుకు ఊళ్లోనే అయితే 24 రూపాయలు, 200 కిలోమీటర్ల లోపు 59, 501 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య 68, 2000 దాటితే 77. వీటిపై జీఎస్టీ అదనం. కుప్పం నుంచి బెంగళూరు పక్క రాష్ట్రమే అయినా 200 కిలోమీటర్ల లోపే కాబట్టి 59. విశాఖపట్నం మన రాష్ట్రమే, అయినా 68. పోస్టాఫీసు చూసేది సరిహద్దు కాదు, దూరం.

అదే కవరు 50 గ్రాములు దాటకపోతే? ఊరు దాటాక దేశంలో ఎక్కడికైనా 47 రూపాయలే. ఏ4 కాగితం ఒకటి దాదాపు 5 గ్రాములు. అంటే ఏడెనిమిది కాగితాలు మామూలు కవర్లో పెడితే సరిపోవచ్చు. అట్ట ఫైలుతో సహా పంపితేనే పై స్లాబులోకి వెళ్తారు. విద్యార్థులకు 10 శాతం రాయితీ కూడా ప్రకటించారు. మొహమాటపడకుండా అడగండి.

ప్రైవేటు కొరియర్ల లెక్క వేరు. చాలా రేటు కార్డుల్లో ఊళ్లోపల, రాష్ట్రం లేదా రీజియన్ లోపల, మెట్రో నుంచి మెట్రోకి, మిగతా దేశం, ఈశాన్య రాష్ట్రాలు - జమ్మూకశ్మీర్ అని జోన్లు ఉంటాయి. మెట్రోల మధ్య బండ్లు రోజూ నిండుగా తిరుగుతాయి, రేటు తగ్గుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మెట్రోలు కావు కాబట్టి ఆ లాభం మనకు రాదు. దీన్ని మనం మార్చలేం.

మార్చగలిగింది మాత్రం ఒకటుంది.. డబ్బా సైజు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదాన్ని కిలోల్లో బరువుగా లెక్కిస్తారు. అసలు బరువు, ఇది.. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. 700 గ్రాముల చీరను 30×25×10 డబ్బాలో పెడితే కిలోన్నర. అదే 4 సెంటీమీటర్ల ఎత్తు ప్యాకెట్‌లో పెడితే 600 గ్రాములే వస్తుంది కాబట్టి అసలు బరువు 700 గ్రాములకే కడతారు. అరకిలో స్లాబుల లెక్కన మూడు స్లాబులు రెండవుతాయి.

అందుకే నా మాట: ‘ఎక్కడికైనా ఫ్రీ షిప్పింగ్’ అని పోస్టు పెట్టకండి. ఫ్రీ అని రాసినంత మాత్రాన ఖర్చు మాయమైపోదు, మీ లాభంలోంచే పోతుంది. ముందు పిన్‌కోడ్ అడగండి, తర్వాత రేటు చెప్పండి.

ఇంకో పని కూడా చేయండి. మదనపల్లె 517325, పుంగనూరు 517247, కుప్పం 517425. ఈ మూడింటి నుంచి ఓ పది నగరాలకు ఎంతవుతుందో చెప్పే చిన్న ఎక్సెల్ షీటో, పైథాన్ ప్రోగ్రామో తయారుచేయండి. ఈ-కామర్స్, లాజిస్టిక్స్ కంపెనీల్లో రోజూ జరిగే పని ఇదే. ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్ట్ ఏం చేశావ్?’ అంటే, నెట్‌లో దొరికిన కాపీ కంటే మీ ఊరి పోస్టాఫీసు లెక్కే మీ చేత ఎక్కువసేపు మాట్లాడిస్తుంది.