కోర్టు ఊడ్చే మనిషి కొడుకు: టియాఫో తొలి ఏళ్లు చెప్పేదేమిటి?

ఏటా ఆగస్టు చివర్లో యూఎస్ ఓపెన్ మొదలవగానే ఫ్రాన్సిస్ టియాఫో కథ మన వాట్సాప్ గ్రూపుల్లోకి మళ్లీ వస్తుంది. టెన్నిస్ సెంటర్‌లో ఊడ్చి తుడిచే మనిషి కొడుకు, ఆ సెంటర్‌లోనే ఓ ఆఫీసు గదిలో పడుకుని పెరిగినవాడు, 2022లో రఫేల్ నాదల్‌ను ఓడించి యూఎస్ ఓపెన్ సెమీఫైనల్‌కు చేరాడు. కథ నిజమే. దాన్ని పంపేవాళ్లు కింద జోడించే మాటతోనే మాకు పేచీ. కష్టపడితే చాలు, ఇంక కోటాలెందుకు అంటారు. క్యాంపస్‌లలో మన విద్యార్థుల మీద విసరడానికి ఈ నల్లజాతి కుర్రాడి కథ ఒక రాయిలా పనికొస్తోంది. అందుకే అతని తొలి ఏళ్లను కాస్త దగ్గరగా చూద్దాం.

తండ్రి కాన్‌స్టంట్ టియాఫో, తల్లి ఆల్ఫినా కమారా సియెర్రా లియోన్ నుంచి 1990లలో అమెరికా చేరారు. అప్పుడు వాళ్ల దేశం అంతర్యుద్ధంలో కాలిపోతోంది. 1998 జనవరి 20న కవల మగపిల్లలు పుట్టారు, ఫ్రాన్సిస్, ఫ్రాంక్లిన్. మేరీల్యాండ్ రాష్ట్రంలోని కాలేజ్ పార్క్‌లో జూనియర్ టెన్నిస్ చాంపియన్స్ సెంటర్ కట్టినప్పుడు ఆ కూలీల్లో కాన్‌స్టంట్ ఒకరు. కట్టడం పూర్తయ్యాక అక్కడే మెయింటెనెన్స్ పనికి పెట్టుకున్నారు. ఉండటానికి ఖాళీగా ఉన్న ఆఫీసు గది ఒకటి ఇచ్చారు. తల్లి నర్సు, రాత్రి డ్యూటీలు. వారంలో ఎక్కువ రోజులు పిల్లలిద్దరూ తండ్రి దగ్గరే ఆ గదిలో ఉండేవారు. వాళ్ల మంచం ఒక మసాజ్ టేబుల్.

పేదరికం గురించి కన్నీళ్లు పెట్టించే చోట కథ చెప్పేవాళ్లు ఆగిపోతారు. మనం మాత్రం ఆ గది ఎక్కడుందో చూడాలి. అది కంచె లోపల ఉంది. నాలుగేళ్ల వయసుకే ఆ పిల్లాడు గది తలుపు తీస్తే కోర్టు. బంతులు ఉన్నాయి, గోడ ఉంది, పెద్ద పిల్లలకు కోచ్‌లు చెప్పేది రోజంతా చెవిన పడుతుంది. ఉద్యోగి పిల్లలు కాబట్టి సెంటర్ వాళ్ల దగ్గర మామూలు ఫీజు వసూలు చేయలేదు. ఎనిమిదేళ్ల వయసులో మీషా కుజ్నెత్సోవ్ అనే కోచ్ కన్ను పడింది, ఆయన ఏళ్ల తరబడి వెంట నిలిచారు. 2013లో, పదిహేనేళ్లకు, టియాఫో ఆరెంజ్ బౌల్ గెలిచాడు. ఆ జూనియర్ టోర్నీ బాలుర సింగిల్స్‌లో అంత చిన్న వయసులో గెలిచినవాళ్లు అంతకుముందు లేరు. అతని శ్రమను మేము కాదనడం లేదు. ఆ శ్రమ పడటానికి ఓ కోర్టు, ఉచితంగా, పదేళ్లకు పైగా, గుమ్మం ముందు ఉందని మాత్రమే అంటున్నాం. ఆ జీతంతో కంచె బయట ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటే ఈ కథే లేదు.

ఇది ఒక్క టియాఫో విషయం అయితే అదృష్టం అని వదిలేయవచ్చు. యూఎస్ ఓపెన్ సెమీస్‌కు చేరిన నల్లజాతి అమెరికన్ పురుషుల్లో టియాఫోకు ముందు వరసలో ఉన్నది ఆర్థర్ ఆష్, 1972లో. మధ్యలో యాభై ఏళ్ల ఖాళీ. ఆ ఆష్ తండ్రి ఎవరు? వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో నల్లవాళ్లకు మాత్రమే కేటాయించిన బ్రుక్‌ఫీల్డ్ పార్కుకు కేర్‌టేకర్. కుటుంబం కాపురం పార్కులోనే, టెన్నిస్ కోర్టులు ఇంటి పక్కనే. అదే ఊళ్లో తెల్లవాళ్ల పార్కు కోర్టుల్లో ఆడటానికి ఆష్‌కు అనుమతి లేదు. యాభై ఏళ్ల ఎడంతో ఇద్దరు ఆటగాళ్లు, ఇద్దరూ ఆటస్థలం కాపలా మనుషుల పిల్లలు. కష్టానికే ఫలితం దక్కేదయితే మిగతా పేటల్లో కష్టపడే పిల్లలే లేరనుకోవాలి.

మనకు ఈ బొమ్మ కొత్త కాదు. పల్వంకర్ బాలూ గుర్తున్నాడు కదా. చమార్ కులంలో పుట్టి, పూణేలో పార్శీల క్లబ్బులో పిచ్ ఊడ్చి రోలర్ లాగినందుకు నెలకు మూడు రూపాయలు, తర్వాత యూరోపియన్ల క్లబ్బులో నాలుగు రూపాయలు. అక్కడ అవసరమైతే టెన్నిస్ కోర్టులకు గీతలు గీసే పని కూడా ఆయనదే. దొరలు నెట్స్‌లో ఆయన చేత గంటల తరబడి బౌలింగ్ చేయించుకున్నారు, బ్యాటు మాత్రం ఆయన చేతిలో పెట్టలేదు. ఆయన గొప్ప బౌలర్ అయింది ఆ నెట్స్‌లోనే. హిందువుల జట్టులోకి తీసుకున్నాక కూడా టీ విరామంలో ఆయనకు పెవిలియన్ బయట, మట్టి పాత్రలో టీ ఇచ్చేవారు. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన మనిషికి హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. ఆటస్థలం చాకిరీ చేసేవాడికి ఆటలోకి ఒక దొడ్డిదారి దొరకడం, దాంట్లోంచి వెళ్లిన ఒక్కడిని చూపించి సింహద్వారం తెరిచే ఉందని చెప్పడం పాత అలవాటే.

ఇప్పుడు కోటా మాటకు వద్దాం. 2015లో టియాఫో ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ ఏడాదే, పదిహేడేళ్లకు, ఫ్రెంచ్ ఓపెన్, యూఎస్ ఓపెన్ రెండింట్లోనూ మెయిన్ డ్రాలో ఆడాడు. అప్పటి తన ర్యాంకుతో నేరుగా చోటు దొరికేది కాదు. దొరికింది వైల్డ్ కార్డ్ మీద. గ్రాండ్‌స్లామ్ పురుషుల సింగిల్స్‌లో 128 చోట్లుంటే ఎనిమిది వైల్డ్ కార్డులకు పోతాయి. ర్యాంకు సరిపోకపోయినా నిర్వాహకులు తాము ఎంచుకున్నవారికి ఇచ్చే చోట్లవి. ఎక్కువ భాగం సొంత దేశం వాళ్లకే. అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా సమాఖ్యలు వీటిని ఇచ్చిపుచ్చుకుంటాయి కూడా. టియాఫోకు ఫ్రెంచ్ ఓపెన్ చోటు ఆ ఒప్పందం కిందే, అమెరికన్లలో అమెరికన్లు పోటీపడి గెలుచుకునేది. యూఎస్ ఓపెన్ చోటు కలమజూలో జరిగే 18 ఏళ్లలోపు జాతీయ టోర్నీ గెలిచినందుకు. అంటే పరీక్ష ఉంది, కానీ ఆ పరీక్ష రాసే అర్హత కొందరికే. మన భాషలో దీన్ని కోటా అంటారు. టెన్నిస్ భాషలో వైల్డ్ కార్డ్ అంటే ఎవరికీ నొప్పి లేదు.

ఆ రెండు టోర్నీల్లోనూ అతను తొలి రౌండ్‌లోనే ఓడాడు. ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌లో తొలి రౌండ్ ఓడినవారికి ఇచ్చింది 39,500 డాలర్లు. అప్పట్లో అట్టడుగు ప్రొఫెషనల్ టోర్నీ మొత్తం ప్రైజ్‌మనీ పది వేల డాలర్లు. దాన్నే ఆటగాళ్లంతా పంచుకోవాలి. ఒక్క ఓటమికి నాలుగు టోర్నీల సొమ్ము. 2016 యూఎస్ ఓపెన్‌లో జాన్ ఇస్నర్ మీద మొదటి రెండు సెట్లు గెలిచి కూడా మళ్లీ తొలి రౌండ్‌లోనే ఓడాడు. గ్రాండ్‌స్లామ్‌లో తొలి విజయం 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వచ్చింది. అదే ఏడాది న్యూయార్క్‌లో ఫెదరర్‌ను ఐదు సెట్ల దాకా లాగాడు. 2018 ఫిబ్రవరిలో డెల్రే బీచ్‌లో తొలి ఏటీపీ టైటిల్, 2019 జనవరి 20న, సరిగ్గా తన 21వ పుట్టినరోజున, దిమిత్రోవ్‌ను ఓడించి ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్‌ఫైనల్. ప్రొఫెషనల్‌గా మొదలైన చోటి నుంచి ఇక్కడికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో ఎన్నిసార్లు ఓడినా తర్వాతి వారం ఆడేందుకు డబ్బు ఉంది. మన పిల్లలకు అందనిది ముఖ్యంగా ఇదే. ఒక్కసారి తప్పితే చదువు మానాలి, ఒక్కసారి ఓడితే రాకెట్ అమ్మాలి అన్న స్థితిలో ఉన్నవాళ్లు ఎంత ఆడగలరు?

సుమిత్ నాగల్‌ను చూడండి. హర్యానాలో బడి పంతులు కొడుకు. పదేళ్లకే మహేశ్ భూపతి ప్రాజెక్టులో చోటు దొరికినవాడు. 2019 యూఎస్ ఓపెన్‌లో ఫెదరర్ మీద తొలి సెట్ గెలిచినవాడు. భారత నంబర్ వన్‌గా ఉండగా 2023 సెప్టెంబరులో తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని, టూర్‌లో ఒక ఏడాది ఆడటానికి కోటి రూపాయల దాకా అవుతుందని పీటీఐతో చెప్పాడు. నిలకడైన జీతం ఉన్న ఇంటి నుంచి, పదేళ్ల వయసు నుంచే ఆసరా ఉన్నవాడి లెక్క ఇది. ఆసరా లేని వాడ పిల్ల లెక్క వేరే చెప్పాలా?

మన రెండు రాష్ట్రాల్లో ఏ జిల్లా కేంద్రానికైనా వెళ్లండి. టెన్నిస్ కోర్టు చాలాచోట్ల ఆఫీసర్స్ క్లబ్బులోనో టౌన్ క్లబ్బులోనో కనిపిస్తుంది. సాయంత్రం సభ్యులు వచ్చేసరికి నీళ్లు చల్లి, రోలర్ లాగి, సున్నం గీతలు వేసి ఉంచే మనిషి ఏ వాడ నుంచి వస్తాడో మీకూ తెలుసు. సభ్యులతో ఆడటానికి పెట్టుకున్న మార్కర్ కుర్రాళ్ల చేతివాటం ఒక్కోసారి సభ్యుల కన్నా బాగుంటుంది. ఆ కుర్రాళ్లను టోర్నీకి పంపాలని ఎవరికీ తోచదు. మరో పక్క ఇంజినీరింగ్ సీట్లలో స్పోర్ట్స్ కోటా ఉంది. లక్షలు పోసి అకాడమీల్లో సంపాదించిన టెన్నిస్ సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుంది. ఆ కోటాను మెరిట్‌కు శత్రువు అన్నవాళ్లను మేమింతవరకు చూడలేదు.

గేటు తెరిస్తే ఏమవుతుందో మన దగ్గరే రుజువుంది. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. శిక్షణ, బూట్లు, ఆక్సిజన్, షెర్పాలు, అన్నిటికీ సంస్థ పూచీ పడింది. పర్వతారోహణ టెన్నిస్ కన్నా చవకైన వ్యవహారమేమీ కాదు.

కాబట్టి ఈసారి గ్రూపులో టియాఫో కథ వచ్చినప్పుడు వాదనతో సరిపెట్టకుండా ఒక సమాచార హక్కు దరఖాస్తు పెడదాం. మీ జిల్లాలో ప్రభుత్వ స్థలంలో ఉన్న టెన్నిస్ కోర్టులెన్ని, వాటిని ఏ క్లబ్బుకు ఎంత లీజుకు ఇచ్చారు, అక్కడ ఉచితంగా నేర్చుకుంటున్న ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఎందరు, ఎన్ని గురుకులాల్లో కోర్టు ఉంది, కోచ్ ఉన్నాడా అని అడుగుదాం. జవాబులు వచ్చిన జిల్లాల వివరాలు మాకు పంపండి, ఇక్కడే ప్రచురిస్తాం.