‘వడ్డీ లేని’ వాయిదాల మర్మం

పత్తి ఏరే రోజులు, వరి కోతల రోజులు, సంక్రాంతి ముందు వారం. కూలోడి చేతిలో నాలుగు డబ్బులు ఆడే ఈ అదనులు వ్యవసాయ శాఖకు తెలిసినా తెలియకపోయినా, మండల కేంద్రాల్లోని ఫోన్లు, టీవీల దుకాణదారులకు మాత్రం బాగా తెలుసు. దుకాణంలో ఓ మూల ఫైనాన్సు కంపెనీ కుర్రాడు బల్ల వేసుకుని కూర్చుంటాడు. “క్రెడిట్ కార్డు అక్కర్లేదు, జామీను అక్కర్లేదు, వడ్డీ అసలే లేదు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు ఉంటే చాలు, పది నిమిషాల్లో సరుకు మీది” అంటాడు. మన పల్లెల్లో పది నిమిషాల్లో అయ్యే పని ఇంకేదైనా ఉందా? పాసుపుస్తకంలో ఒక అక్షరం దిద్దించుకోవాలంటే చెప్పులరుగుతాయి. కౌలు రైతు పంట రుణం కోసం బ్యాంకు మెట్లెక్కితే భూయజమాని సంతకం తెమ్మంటారు. ఫోను అప్పుకు మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు!

దేశంలో క్రెడిట్ కార్డుల సంఖ్య 2024 ఆరంభంలో పది కోట్లు దాటింది. నూట నలభై కోట్ల జనాభాలో ఇది ఏపాటి? అందులోనూ పట్నం ఉద్యోగి జేబులో రెండేసి, మూడేసి ఉంటాయి. అంటే సరుకులు అమ్ముకోవలసిన కంపెనీలకు మిగిలిన సంత అంతా కార్డు లేనివాళ్లదే. కూలీలూ, కౌలుదార్లూ, ఆటో డ్రైవర్లూ, హమాలీలూ. ఈ జనానికి వాయిదాల మీద సరుకు అంటగట్టడం ఎలా అన్నదే పదిహేనేళ్లుగా ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలన్నిటా బడా పెట్టుబడి చేస్తున్న ఆలోచన.

ఒక మాట ముందే చెప్పాలి. కూలివాడికి ఫ్రిజ్ ఎందుకు, స్మార్ట్ ఫోన్ ఎందుకు అని ముక్కు చిట్లించే పెద్దమనుషుల కోవలో మేము లేము. రోజంతా నాట్లేసి వచ్చిన తల్లి రోట్లో పచ్చడి నూరాలా, మిక్సీలో వేయాలా అన్నది ఆమె ఇష్టం. పిల్లల చదువుకు, ఉపాధి పని హాజరుకు, బ్యాంకు మెసేజీకి ఫోను కావాలి. అది విలాసం కాదు. మొత్తం ధర ఒక్కసారి ఇవ్వలేనివాడికి వాయిదా అవసరమే. ఆ అవసరానికి ఎంత గుంజుతున్నారు, ఎలా గుంజుతున్నారు అన్నదే మా ప్రశ్న.

కిస్తీ అన్న మాట మనకు కొత్తది కాదు. ఒకప్పుడు సర్కారు శిస్తు కట్టే గడువుకే ఆ పేరు. కిస్తీ రోజు వచ్చిందంటే రైతు షావుకారు గుమ్మం తొక్కేవాడు. తర్వాత సైకిలు మీద స్టీలు గిన్నెలు, చీరలు కట్టుకొచ్చి వారం వారం పది, ఇరవై వసూలు చేసుకునే వాయిదాల వ్యాపారులు వచ్చారు. వాళ్లు కూడా ధర పెంచే అమ్మేవాళ్లు. అయితే పని లేని వారం “వచ్చే వారం ఇస్తా తమ్ముడూ” అంటే గొణుక్కుంటూ వెళ్లిపోయేవాళ్లు. ఇప్పటి వసూలుదారు మనిషి కాదు, యంత్రం. దానికి వానా తెలియదు, జ్వరమూ తెలియదు.

ఇక ‘వడ్డీ లేదు’ అన్న మాట సంగతి. ఒక లెక్క వేసి చూద్దాం. టీవీ మీద రాసిన ధర 24 వేలు. నగదు ఇచ్చి బేరమాడితే 22,500కు ఇస్తాడు. వాయిదాల మీదైతే బేరం లేదు, పూర్తి 24 వేలు. పన్నెండు వాయిదాలు, ఒక్కొక్కటి 2 వేలు. అందులో నాలుగు వాయిదాలు ముందే కట్టాలంటాడు, అది 8 వేలు. పైన ‘ప్రాసెసింగు’ పేర, పన్నుతో కలిపి మరో 800. అంటే ఆ రోజే 8,800 చేతిలో పెట్టాం. నగదు ధరలోంచి ఇది తీసేస్తే మనకు నిజంగా అప్పు పుట్టింది 13,700 మాత్రమే. దానికి ఎనిమిది నెలల్లో తిరిగి కట్టేది 16 వేలు. 2,300 అదనం. అసలు నెల నెలా తగ్గుతూ పోతుంది కాబట్టి ఆ ప్రకారం లెక్క కడితే నూటికి నెలకు మూడున్నర రూపాయల పైచిలుకు వడ్డీ! ఊళ్లో రెండు రూపాయలకో, మూడు రూపాయలకో ఇచ్చేవాడిని వడ్డీ జలగ అంటున్నాం. మూడున్నర తీసుకుని ‘వడ్డీ లేదు’ అని బోర్డు కట్టేవాడిని ఏమనాలి?

వడ్డీ ఉందని ఒప్పుకున్న చోటా మాయ ఉంది. పదివేలకు ఏడాదికి పన్నెండు శాతం, అంటే రూపాయి వడ్డీయేనంటాడు. 1,200 కలిపి పన్నెండు వాయిదాలు చేస్తాడు. ఆరో నెలకల్లా అసలులో సగం దాకా తీరిపోయినా వడ్డీ మాత్రం మొదటి రోజు పదివేల మీదే నడుస్తూ ఉంటుంది. నిజానికి పడేది రూపాయి కాదు, రూపాయి ఎనభై పైసల దగ్గర. అసలు తగ్గే కొద్దీ వడ్డీ తగ్గాలన్న చిన్న సంగతిని మన సంఘాల సభల్లో ఒక పలక మీద వేసి చూపిస్తే సగం మోసం అక్కడే ఆగుతుంది.

ఇది మేము కనిపెట్టిన రహస్యం కూడా కాదు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదనీ, ఆ వడ్డీని ప్రాసెసింగు ఫీజు చాటున దాచి వసూలు చేస్తున్నారనీ రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. బ్యాంకులు తలూపాయి. బ్యాంకులు కాని ఫైనాన్సు కంపెనీలు దుకాణంలో బల్లలు వేసుకున్నాయి. కంపెనీ ఇచ్చే డిస్కౌంటునే వడ్డీగా మలిచి ‘నో కాస్ట్’ అని పేరు మార్చాయి. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు ఈ రంగంలో అన్నిటికంటే పెద్దదైన బజాజ్ ఫైనాన్స్‌ను రెండు రకాల వాయిదా అప్పులు ఇవ్వకుండా ఆపింది. అప్పు వివరాల పత్రం సరిగా ఇవ్వకపోవడం అందుకు చూపిన కారణాల్లో ఒకటి. 2024 మేలో ఆంక్ష ఎత్తేశారు. ‘కార్డు లేనివారికి కంతులు’ అంటూ 2015లో బెంగళూరులో మొదలైన జెస్ట్‌మనీ 2023 చివర దుకాణమే మూసేసింది. కంపెనీలు పుడతాయి, మూసుకుపోతాయి. కట్టవలసిన కంతు మాత్రం మూసుకుపోదు.

అన్నిటికంటే ప్రమాదం బల్ల దగ్గర పెట్టించుకునే ఆ ఒక్క సంతకంలో ఉంది. ప్రతి నెలా ఫలానా తేదీన నా ఖాతాలోంచి తీసుకోవచ్చు అని కంపెనీకి మనమిచ్చే అధికార పత్రం అది. ఇప్పుడు ఫోనులో ఒక అంకె కొట్టినా సరిపోతుంది. ఉపాధి కూలి, ముసలమ్మ పింఛను, పంట నష్టపరిహారం, అన్నీ పడేది సాధారణంగా ఆ ఒక్క ఖాతాలోనే. ఐదో తేదీన కూలి పడుతుంది, ఐదో తేదీనే కంతు లాక్కుంటారు. బియ్యం కొనాలా, టీవీ కంతు కట్టాలా అని ఆలోచించుకునే అవకాశం కూడా కూలీకి మిగలదు. ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒక జరిమానా, కంపెనీ మరో జరిమానా. ఒక్క కంతు తప్పితే ఇలా రెండు వైపులా వాత. జరిమానాను అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2024 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఈ సంగతి ఎంతమంది కూలీలకు చెప్పారు?

మన రాష్ట్రాలకు ఈ అనుభవం ఇదే మొదలు కాదు. 2010లో సూక్ష్మ రుణ సంస్థల వారం వారం వసూళ్లకు తట్టుకోలేక ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటే, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి గుమ్మం ముందు వసూలు చేయరాదనీ, వారం కాదు నెలకోసారేననీ, వడ్డీ అసలును మించరాదనీ అందులో రాసుకుంది. అదే 2011లో చట్టమైంది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్సు కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పడంతో కంచె కూలింది. నడుమ 2020 డిసెంబరులో హైదరాబాదు చుట్టుపక్కల అప్పుల యాప్‌ల వేధింపులకు యువకులు బలయ్యారు. ఫోనులో ఉన్న చుట్టాల నంబర్లన్నిటికీ ‘వీడు దొంగ’ అని మెసేజీలు పెట్టి పరువు తీశారు. ఆ తర్వాతే, 2022 సెప్టెంబరులో, ఫోనులోని నంబర్లు, ఫోటోలు ముట్టుకోరాదన్న నిబంధనలు వచ్చాయి. మనుషులు పోయాక గానీ మన పాలకులకు కలం కదలదు.

ఎందుకింత తేలిగ్గా వలలో పడతాం? 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 సాగు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి, తెలంగాణలో నూటికి 91కి పైనే. దేశం మొత్తం మీద ఇది సగం. ఆంధ్రప్రదేశ్‌లో సగటు అప్పు 2 లక్షల 45 వేలు. గుంట భూమి లేని కూలీల సంగతి ఈ లెక్కలోకే రాలేదు. పాత అప్పు మీద నిలబడ్డవాడికి కొత్త అప్పు పెద్దగా బరువనిపించదు.

బయటి దేశాల తీరు చూడండి. కెన్యాలో ఎమ్‌కోపా అనే కంపెనీ 2012 నుంచి కరెంటు లేని పల్లెలకు సౌర దీపాలు అమ్మింది. కొంత ముందు కట్టి, మిగతాది రోజుకు 50 షిల్లింగుల లెక్కన ఫోను ద్వారా కట్టాలి. కిరోసిను ఖర్చుతో పోలిస్తే మేలేనని చాలామంది కొన్నారు. అది అబద్ధం కాదు. కానీ ఒక రోజు డబ్బు కట్టకపోతే దూరం నుంచే దీపం ఆర్పేస్తారు. తర్వాత ఇదే తాళాన్ని ఫోన్లకూ వేశారు. మన దేశంలోనూ వాయిదా ఫోన్లలో ఇలాంటి తాళాలు వచ్చాయి. వీటిని అనుమతించాలా వద్దా అన్న చర్చ 2025లో పత్రికలకెక్కింది. మేస్త్రీ పిలుపు, బ్యాంకు ఓటీపీ, అంబులెన్సు, అన్నీ ఆ ఫోనులోనే ఉన్నప్పుడు దానికి తాళం వేయడమంటే కూలీ నోటికి తాళం వేయడమే. బ్రెజిల్‌లో కాసాస్ బాయియా దుకాణాలు వలస కూలీలకు చిన్న కంతుల పుస్తకం ఇచ్చి అమ్మాయి. కంతు కట్టడానికి ప్రతినెలా దుకాణానికే రావాలి, వచ్చినవాడు మరో సరుకు కంతుకు తీసుకుపోతాడు! వ్యాపార కిటుకు ఉంది. అయినా అక్కడ మనిషి తన చేత్తో ఇచ్చేవాడు, ఈ నెల ఇవ్వలేనని మొహం మీద చెప్పగలిగేవాడు.

చట్టం లేక కాదు. వాయిదాల కొనుగోలు మీద పార్లమెంటు 1972లోనే చట్టం చేసింది. 15 వేల లోపు సరుకుకు సగం ధర కట్టాక, కోర్టుకు వెళ్లకుండా దాన్ని లాక్కుపోవడానికి వీల్లేదని అందులో ఉంది. ఆ చట్టాన్ని ఒక్క రోజు కూడా అమలు కానివ్వలేదు, 2005లో ఏకంగా రద్దే చేశారు. పేదవాడికి పనికొచ్చే చట్టం ముప్పై మూడేళ్లు బీరువాలో మూలిగి అక్కడే చచ్చింది.

ప్రతి దుకాణంలో నగదు ధర, వాయిదా ధర పక్కపక్కనే తెలుగులో రాయాలి. వడ్డీని శాతాల్లో కాదు, నూటికి నెలకు ఎన్ని రూపాయలో చెప్పాలి. ఉపాధి కూలి, పింఛను పడే ఖాతాలోంచి కనీసం నెల తిండి ఖర్చు మిగిల్చాకే కంతు తీసుకోవాలి. ఫోను తాళాన్ని నిషేధించాలి. వీటితోపాటు అసలు మార్గం ఇంకొకటుంది. కేరళలో 1969లో మొదలైన ప్రభుత్వ సంస్థ కె.ఎస్.ఎఫ్.ఇ. చీటీలు నడుపుతోంది, గృహోపకరణాలకూ అప్పులిస్తోంది. మన డ్వాక్రా సంఘాల పొదుపు కోట్లలో ఉంది. స్త్రీనిధి 2011 నుంచి నడుస్తోంది. మిక్సీకో, ఫోనుకో, కుట్టు మిషనుకో ఆ సంఘాల ద్వారానే తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించడానికి అడ్డేమిటో మంత్రులు చెప్పాలి.

ఈలోగా కార్యకర్తలు చేయగలిగిన పని ఉంది. ఊళ్లో కంతులు కడుతున్నవాళ్ల కాగితాలు తెప్పించి చూడండి. కాగితం లేకపోతే కంపెనీని అడిగి రాయించండి. ఇవ్వనంటే అదే ఫిర్యాదు. యాప్ ద్వారా తీసుకున్న అప్పును వద్దనుకుంటే కనీసం ఒక రోజు గడువులోగా అసలు, ఆ రోజుకయ్యే వడ్డీ కట్టి బయటపడవచ్చు. ఉదయం ఎనిమిది ముందు, రాత్రి ఏడు తర్వాత వసూలుదార్లు ఫోను చేయడానికి వీల్లేదు. చేస్తే తేదీ, వేళ రాసిపెట్టండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. సందేహముంటే 14448కు ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు. యాప్ మోసమైతే 1930.