అసెంబ్లీ పంపేటప్పుడు తక్కువా వద్దు, ఎక్కువా వద్దు

ఈసారి పండగ గురించీ బడి గురించీ కాదు, మనలో చాలా ఇళ్ళకు అన్నం పెడుతున్న పని గురించి రాస్తున్నాం. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

హోసూరులో సిప్‌కాట్ వచ్చి, అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు నిలబడ్డాక వాటి చుట్టూ ఎన్నో టూల్ రూములు, ఫిక్స్చర్ షాపులు, వీఎంసీ షాపులు పుట్టాయి. బాగలూరు, బేరిగె, తళి, శూలగిరి, వేపనపల్లి వైపు నుంచి డిప్లొమా చదివిన మన పిల్లలు వాటిలో డిజైన్ సీట్లో కూర్చుంటున్నారు. కృష్ణగిరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్ళూ ఉన్నారు. త్రీడీ మోడల్ గీయడంలో వీళ్ళకు వంక పెట్టలేం. చిక్కంతా గీసినదాన్ని ఇంకొకరికి ఇచ్చే దగ్గర వస్తోంది. అది చిల్లర పని అని షాపుల్లో అందరూ అనుకుంటారు. కాదని మేమంటున్నాం.

ఈ పనిలో లేని సభ్యుల కోసం ఒక మాట. క్యాడ్‌లో అసెంబ్లీ ఫైలు పెళ్ళి పిలుపుల చీటీ లాంటిది. ఎవరెవరు రావాలి, వాళ్ళ ఇల్లెక్కడ, ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి అన్నది అందులో ఉంటుంది. మనుషులు అందులో ఉండరు. అలాగే ఫిక్స్చర్ అసెంబ్లీలో బేస్ ప్లేటు, క్లాంపు, లొకేటర్ పిన్ను ఏ ఫైలులో ఉన్నాయో, ఎలా అతుక్కోవాలో మాత్రమే రాసి ఉంటుంది. ఆ పార్టులు వేరే ఫైళ్ళు. అందుకే అసెంబ్లీ ఫైలు ఒక్కటే మెయిల్ చేస్తే, అవతలివాడు తెరిచినప్పుడు పార్టులు కనబడడం లేదని కంప్యూటర్ మొత్తుకుంటుంది. ఆ రోజు పని పోయినట్టే.

ఇలా ఒకసారి తిట్లు తిన్న పిల్లవాడు రెండోసారి ఏం చేస్తాడు? ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపేస్తాడు. 'ఏదీ తప్పిపోలేదు కదా' అని పై వాళ్ళూ సంతోషిస్తారు. మా అభిప్రాయంలో ఇది మొదటి తప్పు కన్నా పెద్దది. ఆ ఫోల్డర్లో బేస్ ప్లేట్, బేస్ ప్లేట్ న్యూ, బేస్ ప్లేట్ ఫైనల్ అని మూడుంటాయి. అసలుది ఏదో గీసినవాడికే తెలుసు. మిషన్ మీద ఉన్నవాడు పాతది తీసుకుంటే ఉక్కూ పోయె, మిషన్ టైమూ పోయె.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మన ఊళ్ళో ఒకే చిన్న షాపు, ఒకరితో ఒకరు పోటీ పడే ఇద్దరు కస్టమర్లకు పని చేయడం మామూలే. ఒకరి బ్రాకెట్ మోడల్ ఆ ఫోల్డర్లో మిగిలిపోయి ఇంకొకరికి చేరిందంటే, ఆ షాపు మాట ఇంకెవరూ నమ్మరు. గుట్టు దాచమని ఒప్పందం మీద సంతకం పెట్టేది ఓనరే అయినా, పంపింది ఎవరని అడిగితే వేలు డిజైన్ సీటు మీద కూర్చున్న పిల్లవాడి వైపే తిరుగుతుంది.

కాబట్టి పంపాల్సింది అసెంబ్లీ, అందులో నిజంగా వాడిన పార్టులు, అంతే. దీనికోసం చేత్తో ఏరుకోనక్కర్లేదు. సాలిడ్‌వర్క్స్‌లో ఫైల్ మెనూలోనే ప్యాక్ అండ్ గో ఉంది. ఇన్వెంటర్‌లోనూ అదే పేరుతో ఉంది. క్రియోలో బ్యాకప్‌గా సేవ్ చేసే దారి ఉంది. అసెంబ్లీ ఏ ఫైళ్ళను పిలుస్తోందో చూసి, వాటిని మాత్రమే కొత్త ఫోల్డర్లోకి తెస్తుంది. కొత్త అసెంబ్లీ కొత్త పార్టులనే పట్టుకుంటుంది, పాతవాటి జోలికి పోదు.

పాత జాబ్ నుంచి కొత్తది తయారుచేసేటప్పుడూ ఇదే పద్ధతి. అసెంబ్లీ ఫైలు ఒక్కటే కాపీ చేసి పేరు మారిస్తే, లోపలి పార్టులు మాత్రం పాత జాబ్‌వే. కొత్త కస్టమర్ కోసం రంధ్రం పది మిల్లీమీటర్లు జరిపితే పాత కస్టమర్ ప్లేట్లోనూ అది జరుగుతుంది. ఆయన మళ్ళీ స్పేర్ అడిగినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు.

బటన్ నొక్కాం, అయిపోయింది అనుకోకూడదు. నాలుగు సంగతులు చూడాలి. డ్రాయింగులు కావాలంటే విడిగా టిక్ పెట్టాలి, లేకపోతే రావు. సప్రెస్ చేసిన పార్టులు వేరే కాన్ఫిగరేషన్‌లో వాడేవా, ఉత్త చెత్తా అన్నది చూసి చేర్చాలి. ప్రతి జాబ్‌లోనూ 'బేస్ ప్లేట్' అనే పేరే ఉంటే, అదే పేరుతో ముందే తెరిచి ఉన్న వేరే ఫైలును సాఫ్ట్‌వేర్ పట్టుకునే ప్రమాదం ఉంది. అందుకని పేర్ల ముందు జాబ్ నంబరు చేర్చాలి, ఆ వీలు అక్కడే ఉంది. ఇక నాలుగోది, ముఖ్యమైనది: వచ్చిన జాబితాను పైనుంచి కిందికి చదవాలి. ఒక పార్టును వేరే కస్టమర్ పార్టు నుంచి పుట్టించి ఉంటే, ఆ లింకు పట్టుకుని పరాయి ఫైలు కూడా వచ్చి కూర్చుంటుంది. అలాంటిది కనిపిస్తే, అసలు ఫైలులో కాకుండా కాపీలో లింకు తెంచి, ఆ పరాయి ఫైలును తీసేసి పంపాలి. చివరగా, షాపు సర్వర్‌తో సంబంధం లేని ఇంకో కంప్యూటర్లో తెరిచి చూడాలి. అక్కడ తెరుచుకుంటేనే అవతల కూడా తెరుచుకుంటుంది.

అవతలివాడు పార్టు కోయడమే తప్ప డిజైన్ మార్చేది లేనప్పుడు అసలు ఫైళ్ళు ఇవ్వడమే అనవసరం. స్టెప్ ఫైలు, పీడీఎఫ్ డ్రాయింగు చాలు. స్టెప్ అంటే ఐఎస్ఓ 10303 ప్రమాణం, దాదాపు ఏ క్యాడ్ సాఫ్ట్‌వేర్లో అయినా తెరుచుకుంటుంది. మోడల్‌ను ఏ మెట్ల మీదుగా కట్టామో ఆ కిటుకు మన దగ్గరే ఉంటుంది.

'ఇంత చూస్తూ కూర్చుంటే డెలివరీ ఎప్పుడు?' అని ఓనర్లు అడుగుతారు. మన సంఘంలోనూ షాపు ఓనర్లు ఉన్నారు, వాళ్ళకే ఈ మాట. అలవాటైతే ఇది కాఫీ తాగినంతసేపటి పని. సాయంత్రం ఆరుకు వచ్చి 'వెంటనే పంపు' అని పిల్లవాడి నెత్తిన నిలబడితే వాడు ఫోల్డర్ మొత్తమే పంపుతాడు. ఆ పావుగంట పని గంటల్లో భాగమని ఒప్పుకోండి. కాస్టింగ్ గేటు దాటే ముందు కొలతలు చూస్తాం కదా, ఫైలు గేటు దాటే ముందు కూడా ఇంకొకరు చూడాలన్న నియమం పెట్టండి. నియమం లేకుండా కుర్రవాడిని తిట్టడం న్యాయం కాదు.

పిల్లలకూ ఒక మాట. మీరు కోర్సుల్లో బటన్లు నేర్చుకున్నారు, అదీ ఇంగ్లీషులో. ఆ బటన్ వెనక ఏం జరుగుతోందో మీ మాటల్లో ఎవరూ చెప్పి ఉండరు. అందుకే సంఘం హాల్లో ఒక ఆదివారం పూట తెలుగులోనే దీని మీద క్లాసు పెడదామని మేము అడుగుతున్నాం. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, లేనివాళ్ళు పక్కన కూర్చోండి. కస్టమర్ల ఫైళ్ళు మాత్రం ఎవరూ తేవద్దు, నేర్పడానికి ఉత్త మోడల్ ఒకటి మేమే గీసి తెస్తాం. సరేనన్నవాళ్ళు ఏ ఆదివారం వీలో కింద రాయండి.