సీటు పోగొడుతున్నది ఇంగ్లీషు కాదు, మన ఉదాసీనత

ప్రవేశపరీక్షల ఫలితాలు వెలువడిన ప్రతిసారీ మన ముస్లిం కుటుంబాలలో ఒకే మాట వినబడుతుంది: “అన్నీ బాగానే రాశాడు, ఇంగ్లీషులో పోయింది.” అద్దంకిలో విద్యార్థుల దరఖాస్తులు నింపడంలో తోడ్పడుతున్న నేను ఈ సరిపెట్టుకోవడాన్ని అంగీకరించలేను.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు 2022 నుంచి సీయూఈటీ జరుగుతున్నది. 2025లో దాని ఇంగ్లీషు పేపరుకు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. గద్యభాగాన్ని గ్రహించడం, పదాల అర్థాలు, వాక్యాల వరుస సరిచేయడం అడుగుతారు. ఇవి బిట్‌బ్యాంకు కంఠస్థం చేస్తే వచ్చేవి కావు. ప్రశ్నకు 72 సెకన్లే ఉన్నచోట, ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగు చేసుకునే విద్యార్థి సగంలోనే ఆగిపోతాడు.

ఏపీ ఈఏపీసెట్‌లో ఇంగ్లీషు లేదు గనుక ఇంటర్ రెండేళ్లూ దానిని పాసు మార్కుల సబ్జెక్టుగానే చూస్తున్నాము. మిరప కోతల కూలి డబ్బుతో ఫీజు కట్టిన తల్లికి ఈ సంగతి ఎవరు చెప్పారు?

“4 శాతం రిజర్వేషన్ ఉన్నది కదా” అంటారు కొందరు. 2007 చట్టం ఇచ్చిన బీసీ-ఈ హక్కు రాష్ట్రానికి సంబంధించినది. కేంద్ర సంస్థలు చూసేది కేంద్ర ఓబీసీ జాబితాను. రాష్ట్ర జాబితాలో పేరున్నంత మాత్రాన అక్కడ చోటు దక్కదు.

“ఇంగ్లీషు వస్తే దీన్ పోతుంది” అనే పెద్దలూ ఉన్నారు. 1875లో అలీగఢ్‌లో విద్యాలయం ప్రారంభించిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇటువంటి ఆక్షేపణలనే ఎదుర్కొన్నారు. అదే 1920లో విశ్వవిద్యాలయమయింది. దీన్ పోలేదు, చదువు వచ్చింది.

కనుక మైనారిటీ సంక్షేమశాఖను మండల కేంద్రాలలో ఇంగ్లీషు పఠన తరగతులు నడపమని అడుగుదాము. అది మన హక్కు. అయితే జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ప్రతి మస్జిద్ కమిటీ ఒక గది ఇవ్వాలి: మగ్రిబ్ తరువాత అబ్బాయిలకు గంట, అస్ర్ తరువాత అమ్మాయిలకు గంట. ఒక ఇంగ్లీషు దినపత్రిక, ఒక నిఘంటువు, ఒక గోడగడియారం చాలు. వారానికొకసారి గడియారం పెట్టి 50 ప్రశ్నలు రాయించాలి. జల్సాల షామియానాలకు చందాలు పోగుచేయగలిగిన మనకు ఇది భారమా?