మూర్ఛ మాత్రలు వాడేవారికి పల్లేరు కషాయమా?

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే మా అనంతపురం సీమలో వేసవి వచ్చిందంటే మూత్రంలో మంట, మూత్రపిండాలలో రాళ్లు అంటూ వచ్చే రోగులు పెరుగుతారు. పల్లేరుకాయల కషాయం, ఉలవకట్టు ఇక్కడ అందరికీ తెలిసిన మందులే. మూత్రం సాఫీగా వెడలితే చాలు, రోగం పోయినట్లేనన్న నమ్మకమూ ఉన్నది. మూర్ఛవ్యాధికి మాత్రలు వాడేవారి విషయంలో ఈ నమ్మకాన్ని సవరించుకోవాలని నా అభిప్రాయం.

కొన్నేళ్ల క్రితం రాళ్ల నొప్పితో ఒక యువరైతు నా వద్దకు వచ్చాడు. నాడి చూసి, పల్లేరు కషాయం ఇచ్చి, నీరు బాగా తాగమన్నాను. ఏ మాత్రలు వాడుతున్నావు నాయనా అని అడగలేదు. మూర్ఛకు కార్బమజెపైన్ వాడుతున్న సంగతి, పెళ్లి సంబంధం చెడుతుందన్న భయంతో అతడూ చెప్పలేదు. ఎవరి మాటో విని ఉప్పు కూడా మానివేశాడట. పది దినాలకు చేనిలోనే మూర్ఛ వచ్చి పడిపోయాడు. ఆసుపత్రిలో పరీక్షిస్తే రక్తంలో సోడియం బాగా తగ్గి ఉన్నది. కషాయమే కారణమని నేననను. కాని అడగకపోవడం నా దోషమే.

కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్ మాత్రలు శరీరంలో నీటిని నిలిపి, రక్తంలోని సోడియాన్ని పలుచన చేయగలవు. రక్తపోటుకు ఇచ్చే థయజైడ్ వంటి మూత్రం మాత్రలు సోడియాన్ని బయటకు పంపుతాయి. రెండూ కలిస్తే సోడియం మరీ పడిపోయి, మందు వేసుకుంటున్నా మూర్ఛ రావచ్చు. ఇక మన మూత్రల మూలికలు ఈ మాత్రలతో కలిసినప్పుడు ఏమగునో తగినంత పరిశోధన జరగలేదు. మూలిక గనుక హాని లేదనడం శాస్త్రం కాదు. అపస్మారానికి వాడే శంఖపుష్పి సిరప్ రక్తంలో ఫెనిటోయిన్ పాళ్లను తగ్గించగలదని 1992లోనే ముంబయి పరిశోధకులు వెల్లడించారు.

కనుక మూర్ఛకు మందులు వాడేవారు ఏ కషాయమైనా, మూత్రం మాత్రయైనా ఆరంభించే ముందు ఇద్దరు వైద్యులకూ తెలియజేయాలి. మూర్ఛ మాత్రలను సొంతంగా మానరాదు. తలనొప్పి, వికారం, మగత, తికమక కనిపిస్తే ఆలస్యం చేయక సోడియం పరీక్ష చేయించుకోవాలి.

సాటి వైద్యులకు ఒక మనవి. గురుకులంలో అష్టస్థాన పరీక్ష నేర్చుకున్నాం. ఆ ఎనిమిదింటికి తోడు, రోగి వాడుతున్న మాత్రల చీటీ చూడటాన్ని తొమ్మిదవదిగా నేను చేర్చుకున్నాను. మీరూ చేర్చుకోగలరు.