విమానాలు లెక్కపెట్టే ముందు

భద్రాచలం వంతెన మీద నిలబడి అవతలి ఒడ్డు చూసినప్పుడల్లా నాకు ఒక పాత సరిహద్దు గుర్తుకొస్తుంది. ఇటు భద్రాచలం 1860 నుంచి ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉండేది. అటు పాల్వంచ అడవులు, ఖమ్మం, నిజాము రాజ్యం. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిశాక ఆ గీత చెరిగిపోయింది గాని, అది నేర్పిన పాఠం చెరిగిపోకూడదని నా అభిప్రాయం.

మిత్రులు యుద్ధవిమానాల సంఖ్య గురించి వాదించుకోవడం తరచు చదువుతుంటాను. 2025 సెప్టెంబరులో మిగ్-21లు విరమించాక, మన వాయుసేనకు మంజూరైన 42 స్క్వాడ్రన్లలో 29 మాత్రమే మిగిలాయి. ఆందోళన సబబే. అయితే చిన్న బలగం పెద్ద బలగాన్ని ఎదుర్కోవాలంటే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? జవాబు మా గోదావరి ఒడ్డునే ఉందనుకుంటాను.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1918లో, ఇంగ్లీషు వాయుసేన 110వ స్క్వాడ్రనుకు విమానాలు నిజాము సొమ్ముతో వచ్చాయి. దానికి హైదరాబాదు పేరే పెట్టారు. రెండవ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రనుదీ అదే పేరు. దాని చిహ్నంలో నిజాము తలపాగా, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అని అర్థం వచ్చే మాట ఉండేవి. ఇంత దానం చేసిన ప్రభువుకు 1948 నాటికి తనదంటూ చెప్పుకోదగ్గ యుద్ధవిమాన దళం లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో దొంగచాటుగా ఆయుధాలు చేరవేస్తే, అవే దిక్కయ్యాయి. ‘మిత్రుడు’ ఒక్క విమానమూ పంపలేదు.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యం కదిలింది. టెంపెస్టు విమానాలు పైనుంచి తోడ్పడగా, విజయవాడ వైపు నుంచి బయలుదేరిన దళం తొలిరోజే కోదాడ దాటి మునగాల చేరుకుంది. 17వ తేదీకి అంతా ముగిసింది.

విమానాలు లేకపోవడం వల్లనే అయిదు రోజుల్లో ఓడిపోయారా? నా మట్టుకు నాకు అలా అనిపించదు. 1946 నుంచి తెలంగాణ పల్లెలు దొరల మీద, వారి వెనకనున్న ప్రభుత్వం మీద తిరగబడి ఉన్నాయి. రజాకార్ల దాడులకు వెరచి జనం కృష్ణా జిల్లా సరిహద్దులకు వలసపోయారు. తుపాకీని సొంత ప్రజల వైపు తిప్పి పెట్టుకున్న రాజ్యం, ఎదుటివాడు వచ్చేసరికి దాన్ని ఎటు తిప్పగలదు?

దీనికి మరో పక్క చూడండి. అదే సైన్యం ఆ తరువాత కమ్యూనిస్టు గెరిల్లాల మీదికి మళ్ళింది. వాళ్ళకు విమానాలు సరే, సరైన తుపాకులే తక్కువ. అయినా గోదావరి అడవుల అండతో, ఊళ్ళు పెట్టిన గంజితో, 1951 అక్టోబరులో పార్టీ పోరాటం విరమించేవరకు నిలిచారు. వారిది విజయమని నేననను. వారికి అన్నం పెట్టకుండా చేయాలని కోయగూడేలను ఖాళీ చేయించి శిబిరాలకు తరలించారు. ఆ నిలకడకు మూల్యం చెల్లించింది ఆ కోయలే. కాని రాజ్యం అయిదు రోజులు నిలవలేని చోట, అడవి మూడేళ్ళు నిలిచిందన్నది మాత్రం నిజం.

విమానాలు అక్కరలేదని నా వాదన కాదు. టెంపెస్టుకు గంజి సమాధానం కాదు. విమానాలను డబ్బు పోసి కొనవచ్చు, ఆలస్యమైనా తయారుచేసుకోవచ్చు. కింద ఉన్న మనుషుల నమ్మకాన్ని మాత్రం యుద్ధం వచ్చిన రాత్రి కరాచీ నుంచి దింపుకోలేము. అందుకని సన్నద్ధత లెక్క వేసేటప్పుడు స్క్వాడ్రన్లతో పాటు సరిహద్దు పల్లెలను కూడా ఒక గడిలో రాయాలంటాను. ఈ దేశం తమదేనని అక్కడివాళ్ళు అనుకుంటున్నారా, లేదా? ఆ గడి ఖాళీగా ఉంటే, 42 నిండినా లెక్క తప్పినట్టే.

మీరేమంటారు?