ఆడేవారినీ ఆడించేవారినీ ఒకే గాటన కట్టవద్దని విజ్ఞప్తి

ఇతరులకు హాని కలగనంతవరకు మనిషి తన దేహాన్నీ ధనాన్నీ తనకు తోచినట్లు వినియోగించుకోవచ్చుననే సూత్రాన్ని జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో వెలువరించిన ‘ఆన్ లిబర్టీ’ గ్రంథంలో ప్రతిపాదించాడు. జూదమాడే వ్యక్తిని సహించవలసిందేనని చెప్పిన ఆ తత్త్వవేత్త, జూదగృహం నడిపే స్వేచ్ఛ కూడా ఉండాలా అన్న ప్రశ్న దగ్గర తటపటాయించాడు. ఆ తటపటాయింపు అర్థవంతమైనది. ఎందుకంటే ఆడేవాడు పణంగా పెట్టేది తన సొమ్ము కాగా, ఆడించేవాడు జీవించేది ఎదుటివాని బలహీనత మీద.

ఈ భేదం తెలుగు నేలకు కొత్తది కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో సాగిన రమ్మీ ఆటపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పునిస్తూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్య క్రీడ అని, అంటే గెలుపోటములు అదృష్టం కంటే జ్ఞాపకశక్తి మీదా, ముక్కలను పట్టి ఉంచడంలోనూ వదలడంలోనూ చూపే నేర్పు మీదా ఎక్కువగా ఆధారపడే ఆట అని నిర్ణయించింది. ఆన్‌లైన్ కంపెనీలు ఏళ్ళ తరబడి ఈ ఒక్క వాక్యాన్నే కవచంగా ధరించాయి. పందెం కాసే ఆట నుంచి నిర్వాహకుడు లాభం గడిస్తున్నట్లు రుజువైతే నేరం నిలబడవచ్చునని అదే తీర్పు హెచ్చరించిన సంగతిని మాత్రం అవి సౌకర్యంగా మరచాయి.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించినప్పుడు, ఆడినవారిని కూడా నేరస్థులుగానే పరిగణించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం ఈ విషయంలో మెరుగైనది: డబ్బు పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యం పేరుతో నడిచేవాటితో సహా, నిషేధించి, నిర్వాహకులకు మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలిచ్చేవారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా విధిస్తూనే, ఆడేవారిని శిక్ష నుంచి మినహాయించింది. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు పందెంలో పోయినప్పుడు హాని కుటుంబానిది కూడా గదా అనే ఆక్షేపణ న్యాయమైనదే. అయితే అప్పులపాలైన ఇంటి నుంచి సంపాదించే మనిషిని కూడా జైలుకు పంపితే ఆ కుటుంబానికి ఒరిగేదేమిటో నిషేధవాదులు చెప్పవలసి ఉంది. 1992లో నెల్లూరు జిల్లా మహిళల సారా వ్యతిరేక ఉద్యమం కూడా ప్రధానంగా గురిపెట్టింది తాగేవారి మీద కాదు, సారా దుకాణాల మీద, వేలంపాటల మీద.

మాదకద్రవ్యాల విషయంలో చట్టం ఇంకా కఠినంగా ఉంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 27వ సెక్షన్ గంజాయి సేవించినవారికి ఆరు నెలల వరకు, హెరాయిన్, కొకైన్ వంటివి సేవించినవారికి ఏడాది వరకు జైలుశిక్ష విధించవచ్చునంటుంది. అయితే అదే చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, స్వల్ప పరిమాణంతోనో సేవనంతోనో పట్టుబడిన వ్యసనపరుడు ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, గుర్తింపు పొందిన సంస్థలో గాని స్వచ్ఛందంగా చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తొలగిపోవచ్చు. పరువు పోతుందనే భయంతో దాచిపెట్టే కుటుంబాలకు ఈ వెసులుబాటు తెలియకపోవడం విచారకరం.

కనుక పాఠకులు తమ ఇంటిలోనో వీధిలోనో వ్యసనానికి లోనైనవారుంటే దండనకు ముందు చికిత్సను వెతకాలని, మాదకద్రవ్యాల వ్యసనమైతే జాతీయ సహాయవాణి 14446ను వినియోగించుకోవాలని, బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసే ప్రముఖుల వీడియోలను ఇతరులకు పంపవద్దని మనవి. ఆడించేవారిపై కఠినంగా ఉంటూనే ఆడినవారికి జైలుశిక్షను తొలగించేలా రెండు రాష్ట్రాల చట్టాలను సవరించాలని కోరుతూ ప్రతి పాఠకుడూ తన నియోజకవర్గపు శాసనసభ్యునికి ఒక లేఖ వ్రాయవలసిందిగా ప్రార్థన.